వెయ్యి చిలకల చీర

ఎప్పటి మాటో గాని, పొన్నమాల దేశాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, నడిమివాడు పండితుడు. చిన్నవాడు నీలవర్మకు అన్నలంటే పంచప్రాణాలు.

పొరుగురాజు కూతురు కుందనవల్లిని ధూమజటుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, అతనూ తిరిగి రాలేదు. "ఇక నేను వెళతాను నాన్నగారూ" అన్నాడు నీలవర్మ. రాజుగారు ఏడ్చారు, రాణిగారు ఏడ్చారు. అయినా బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న తాబేలును విడిపించాడు. అది అతన్ని వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, అలా ఏడూ దాటింది. అవతలి దీవిలో ఆకలిగొన్న ఎలుకకు తన అటుకులు పెట్టాడు. అది అతనికి మాంత్రికుడి కోటలోకి దొంగదారి చూపించింది.

లోపల కుందనవల్లి కూర్చుని ఉంది. ఎదురుగా దండెం మీద ఎర్రటి పట్టుచీర. అంచు నిండా చిలకలే, వెయ్యి చిలకలు!

"వచ్చావా మూడోవాడా!" అని పకపకా నవ్వాడు ధూమజటుడు. "నా ప్రాణం వీటిలో ఒక చిలకలో ఉంది. పట్టుకో చూద్దాం! తప్పు చిలకను ముట్టుకున్నావో, మీ అన్నల్లాగే దారపు చిలకవై ఈ అంచులో ఉండిపోతావు. ఈ పిల్లకు నేనిచ్చిన మూడేళ్ళ గడువు ఇవాళ్టితో సరి. పొద్దుగూకితే ఇదే చీర కట్టి నన్ను పెళ్ళాడాలి."

"చీరంతా కొరికేయనా?" అంది ఎలుక గుసగుసగా.

"అమ్మో, వద్దు! అందులో మా అన్నలున్నారు."

అన్నీ ఎర్రముక్కులే, అన్నీ పచ్చరెక్కలే. పొద్దు వాలిపోతోంది.  నీలవర్మ దిక్కుతోచక కుందనవల్లి వైపు తిరిగాడు.

"రాకుమారీ, చీరల సంగతి నాకు బొత్తిగా తెలియదు. మీకేమైనా తెలుసా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ అన్నలకు చెప్పబోయాను. 'నీకేం తెలుసు, ఊరుకో' అన్నారు. నేను ఈ చీర తాకితే పెళ్ళికి ఒప్పుకున్నట్టేనంటాడు వీడు. మీరే తిరగేయండి. మా ఇళ్ళలో వెనకవైపు చూడకుండా ఏ చీరా తీసుకోరు."

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది.

నీలవర్మ చిలకలకు చెయ్యి తగలకుండా కొంగు పట్టుకుని చీర తిరగేశాడు. వెనక ప్రతి చిలకకూ దారపు పోగులు వేలాడుతున్నాయి. ఒక్కదానికి మాత్రం ఒక్క పోగూ లేదు, నున్నటి ఈకలున్నాయి. దాన్ని పట్టి లాగాడు. చిలక చీరను విడిచి కిటికీలోంచి రివ్వున ఎగిరిపోయింది. దానితోపాటే ధూమజటుడి ప్రాణాలు గాలిలో కలిసిపోయాయి. అంచులోంచి అన్నలిద్దరూ దబ్బున నేలమీద పడ్డారు. నీలవర్మ వాళ్ళను కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీ మాట వినవలసింది తల్లీ" అన్నాడు పెద్దవాడు తలవంచుకుని.

తాబేలు మీద తిరిగివస్తూ నీలవర్మ సిగ్గుపడుతూ అడిగాడు: "నన్ను పెళ్ళాడడం మీకిష్టమేనా?"

"ఆ మాంత్రికుడు మూడేళ్ళలో ఒక్కసారీ ఈ మాట అడగలేదు" అని కుందనవల్లి నవ్వింది. "ఇష్టమే."

పెళ్ళికి ఊళ్ళూళ్ళ నుంచి జరీచీరలు వచ్చాయి, రత్నాలు కుట్టిన చీరలు వచ్చాయి. అన్నిటినీ తిరగేసి మరీ చూసి, పక్కన పెట్టింది కుందనవల్లి. చివరికి ఎర్రంచు తెల్ల నూలుచీర ఒకటి తానే ఏరుకుని, పసుపు పెట్టి కట్టుకుని పీటల మీద కూర్చుంది. అన్నలే ముందుకొచ్చి తమ్ముడికి పట్టం కట్టగా, ఆ ఇద్దరూ నిండు నూరేళ్ళు పొన్నమాల దేశాన్ని చల్లగా ఏలారు. ఆ దేశంలో మరే ఆడపిల్లా ఇష్టంలేని పెళ్ళిచీర కట్టలేదు.