కొమ్ము పోయిన మాట

లండన్ నగరంలో లయొనెల్ థార్న్‌బీ అనే పేరుమోసిన సినిమా నటుడు ఉండేవాడు. ఆయన ఏ వేషమైనా అవలీలగా వేసేవాడు గానీ, ఎవరు ఏం చెప్పినా వినేవాడు కాదు.

మొదట్లో ఆయన అలాంటివాడు కాదు. ఉత్తర ఇంగ్లండులోని ఒక చేపల రేవులో రొట్టెల దుకాణం నడిపేవాళ్ల కొడుకు. పదహారో ఏట నాటక సమాజంలో చేరి, మూడేళ్లపాటు రాజు వేషగాడి వెనకాల బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. అంధుడి వేషం దొరికినప్పుడు ఆరు నెలలు ఒక అంధుడి ఇంట్లో ఉండి, ఆయన టీ కప్పు పట్టుకునే తీరు కూడా నేర్చుకున్నాడు. గని కూలీ వేషం కోసం గనిలోకి దిగాడు. అలా యాభై ఏళ్లలో అరవై రెండు సినిమాలు చేశాడు. ఉత్తమ నటుడి బహుమతి మూడుసార్లు అందుకున్నాడు. చివరికి 'సర్' బిరుదు కూడా వచ్చింది.

బిరుదు వచ్చాక చుట్టూ ఉన్నవాళ్లు ఆయనకు తప్పు చెప్పడం తగ్గించారు. చెప్పినా ఆయన వినడం మానేశాడు.

ఆ రోజుల్లోనే గోదావరి ఒడ్డున తీసే ఒక ఇంగ్లీషు సినిమాలో ఆయనకు వేషం వచ్చింది. వెనకటి కాలపు ఇంజనీరు వేషం. 'ఇక్కడ కట్ట నిలవదు దొరా' అని లంక గ్రామస్థులు ఎంత మొత్తుకున్నా వినకుండా ఆ ఇంజనీరు కట్ట వేస్తాడు. వరదకు కట్ట తెగి ఊరు కొట్టుకుపోతుంది. ఆఖరున అతను ఊరివాళ్ల ముందు నిలబడి, తెలుగులో రెండే మాటలు అంటాడు. "మీ గోడు నేను వినలేదు. తప్పు నాది." సినిమాకంతటికీ ప్రాణం ఆ ఘట్టమే.

ఆ రెండు మాటలూ నేర్పడానికి సూర్యారావు మాస్టారిని పెట్టారు. ఆయన రాజమండ్రి కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, బహు నెమ్మదస్తుడు.

"సర్, 'గోడు' అంటే మనసులో ఉన్న బాధ. చివర్న కొమ్ము ఉంది. అది పలక్కపోతే 'గోడ' అయిపోతుంది" అన్నాడు మాస్టారు మొదటిరోజే.

థార్న్‌బీ నవ్వాడు. "మాస్టారూ, నా సినిమాలు నలభై దేశాలవాళ్లు చూశారు. వాళ్లంతా నా మాటల కోసం రాలేదు, నా ముఖం కోసం వచ్చారు" అన్నాడు. రెండోరోజు నుంచి పాఠానికి రాలేదు.

వరదలో కొడుకును పోగొట్టుకున్న తల్లి వేషం చోడిశెట్టి మాణిక్యమ్మది. ఆవిడ నలభై ఏళ్లు పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడిన మనిషి. రిహార్సల్లో థార్న్‌బీ మాట విని మొహమాటం లేకుండా అనేసింది. "మేష్టారూ, దొరగారికి మాట తిరగట్లేదండీ. ఓ పది నిమిషాలు నా దగ్గర కూర్చోమనండి."

మాస్టారు ఆ సంగతి చెప్పగానే థార్న్‌బీ కనుబొమలు ముడిపడ్డాయి. "నాకు నటన నేర్పుతుందా ఆవిడ?" అని చరచరా వెళ్లిపోయాడు.

షూటింగ్ రోజు వచ్చింది. గోదావరి మధ్య ఇసుక తిన్నె మీద, చుట్టుపక్కల లంకల నుంచి వచ్చిన మూడువందల మంది ఊరివాళ్లుగా నిలబడ్డారు. థార్న్‌బీ యాభై ఏళ్ల నటజీవితం గురించి రాయడానికి లండన్ నుంచి పత్రికలవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. పైనుంచి వరద నీరు దిగుతోందని కబురు అందింది. ఎల్లుండికి తిన్నె మునిగిపోతుంది.

కెమెరా తిరిగింది. థార్న్‌బీ చినిగిన కోటుతో, వణికే చేతులతో జనం ముందుకు వచ్చాడు. నడకలో దుఃఖం, చూపులో దుఃఖం. ఆయన గొంతెత్తి అన్నాడు.

"మీ గోడ నేను వినలేదు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అంతలో వెనక వరసలోంచి ఎవరో అన్నారు. "గోడకి చెవులుంటాయి గానీ నోరుండదు దొరగారూ!"

అంతే, మూడువందల మందీ గొల్లుమన్నారు. ఏడవాల్సిన ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. దర్శకుడు మళ్లీ తీశాడు. ఈసారి థార్న్‌బీ నోరు తెరవకముందే నవ్వు మొదలైంది. మూడోసారీ అంతే. పొద్దు వాలింది. పత్రికలవాళ్లు పుస్తకాల్లో ఏదో రాసుకుంటున్నారు.

థార్న్‌బీ ముఖం కందగడ్డలా అయింది. "ఎందుకు నవ్వారు వాళ్లు?" అని మాస్టారి మీద విరుచుకుపడ్డాడు.

మాస్టారు చెప్పాడు.

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మొదటిరోజే చెప్పాను సర్" అన్నాడు మాస్టారు మెల్లిగా.

థార్న్‌బీకి గుర్తొచ్చింది. అవును, చెప్పాడు. ఆవిడా చెప్పింది. తాను వేసే ఇంజనీరు లాగే తానూ వినలేదు. తిన్నె మునిగేలోగా మిగిలింది రేపొక్క రోజే. ముఖంతో నెట్టుకొద్దామంటే, మూడువందల మంది నవ్విన ముఖం అది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, తాటాకు పందిరి కింద కూర్చున్న మాణిక్యమ్మ దగ్గరికి నడిచాడు.

"ఆవిడను నేర్పమని అడగండి" అన్నాడు మాస్టారితో.

మాణిక్యమ్మ దెప్పలేదు. పీట చూపించింది. "ముందు కూర్చోండి దొరగారూ. పలకడం తర్వాత, వినడం ముందు" అంది. ఆనక అక్కడున్న ఒక ముసలి రైతును పిలిచింది. "అప్పన్నా, ఏటి కోతలో నీ పొలం ఎలా పోయిందో దొరగారికి చెప్పు."

అప్పన్న చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగెకరాల కొబ్బరితోట ఒక్కో చెట్టే ఏట్లోకి ఒరిగిపోయిన సంగతి చెప్పాడు. ఆఫీసుల చుట్టూ తిరిగిన సంగతి చెప్పాడు. "మా గోడు ఎవరికి పట్టిందండీ" అన్నాడు చివరికి. ఆ 'డు' దగ్గర అతని గొంతు దిగిపోయింది.

థార్న్‌బీ చప్పున తలెత్తాడు. "మళ్లీ చెప్పమనండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఎనిమిదిమంది కథలు విన్నాడు. ఒక్కొక్కరి కథ అయ్యాక మాణిక్యమ్మ పక్కవాళ్లను 'విన్నావా?' అని అడిగేది, వాళ్లు 'విన్నానమ్మా' అనేవారు. మాస్టారు అర్థం చెబుతుంటే కొన్నిసార్లు చెయ్యెత్తి ఆపి, ఉత్త గొంతులే విన్నాడు. అలా ఒకరి ఎదుట కూర్చుని విని ఆయనకు ఇరవై ఏళ్లు దాటింది. లేచేటప్పుడు "నేను తెలుగులో ఒక మాట తప్పు పలికాననుకున్నాను. అసలు వినడమే మరిచాను" అని మాస్టారితో అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ అందరూ తిన్నె మీద చేరారు. నీళ్లు అప్పటికే అంచులు కొరుకుతున్నాయి. నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లూ లేకపోలేదు.

థార్న్‌బీ వచ్చి నిలబడ్డాడు. ఈసారి చేతులు వణికించలేదు, గొంతెత్తలేదు. అప్పన్నవైపు చూస్తూ, పక్కమనిషితో చెప్పినట్టు అన్నాడు.

"మీ గోడు నేను వినలేదు. తప్పు నాది."

ఒక్కరూ నవ్వలేదు. కథ ప్రకారం మాణిక్యమ్మ అక్కడ తల తిప్పుకుని వెళ్లిపోవాలి. కాని ఆవిడ ఒక అడుగు ముందుకు వేసి, కథలో లేని మాట అనేసింది.

"ఇప్పటికైనా విన్నావా నాయనా?"

థార్న్‌బీకి వచ్చిన తెలుగు రెండే మాటలు. కాని ఆయన తడబడలేదు. ముందురోజు సాయంత్రం ఆ మాటకు జవాబును ఎన్ని నోళ్ల నుంచి విన్నాడో! తల వంచి అన్నాడు.

"విన్నానమ్మా."

దర్శకుడు ఆపమనడం మరిచిపోయాడు. జనంలో కొందరు నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. ఆ ఘట్టాన్ని అలాగే సినిమాలో ఉంచారు.

మరుసటి ఏడాది థార్న్‌బీకి ఉత్తమ నటుడి బహుమతి నాలుగోసారి వచ్చింది. పత్రికలవాళ్లు ఆయన చేసిన వేషాలన్నింటిలో ఇదే మేటి అని రాశారు. "ఈ వయసులో ఇంత బాగా ఎలా చేశారు?" అని ఒకరు అడిగితే, "గోదావరి ఒడ్డున ఇద్దరు నా తప్పు నాకు చెప్పారు. నవ్వులపాలయ్యాక గానీ వినలేదు" అన్నాడాయన. ఆ తర్వాత చేసిన ప్రతి సినిమాకూ అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ఎక్కువ విన్నాడు.

నీతి: ఎంత పేరు వచ్చినా, తప్పు చెప్పేవారి మాట వినేవాడి విద్యే పెరుగుతుంది, వినడం మానినవాడి విద్య ఆ రోజుతోనే ఆగిపోతుంది.