గిజిగాడు దాచిన సంగతి

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద పుల్లయ్య అనే గిజిగాడికి గూళ్ళ దుకాణం ఉండేది. అతను అల్లిన గూడు నీళ్ళ మీదికి వేలాడుతుంది. లోపలికి పోవడానికి కింద పొడుగాటి గొట్టం ఒకటే దారి. అందులో చిన్న పిట్ట దూరగలదు గానీ కాకికి తల కూడా పట్టదు. అందుకే తొలకరికి ముందు చుట్టుపక్కల పిట్టలన్నీ ఫోన్లోనే బేరం కుదుర్చుకుని పుల్లయ్య చేత గూళ్ళు కట్టించుకునేవి. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, పుల్లయ్య కూడా తన పనితనం గురించి గొప్పలు బాగానే చెప్పుకునేవాడు.

అంత గట్టి గూళ్ళు అల్లేవాడు దుకాణం ఫోన్ని మాత్రం గాలికొదిలేశాడు. దాని పాస్‌వర్డు దుకాణం పేరే. ఆ పేరు బోర్డు మీదే ఉంది. పీచు తెచ్చే ఉడుత, బేరానికొచ్చిన పిచ్చుక, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసి నొక్కేవాళ్ళు.

"ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించినట్టుంది నీ యవ్వారం," అని పెళ్ళాం సీతాలు దెప్పింది. "ఫోనుకి రెండో తాళం కూడా పెట్టుకోవచ్చంట. అదైనా పెట్టించు మావా."

"ఏనుగుల కలప అడితి ఉంది, కోతుల పళ్ళ మండీ ఉంది. వాటినొదిలేసి ఈ పీచు కొట్టు మీద పడే దొంగెవడే, పిచ్చిమొహమా?" అని నవ్వేశాడు పుల్లయ్య.

పై కొమ్మ మీద కూర్చున్న కాకి ఈ మాట వింది. ఈ గూళ్ళు వచ్చినప్పటి నుంచి దానికి పిట్టగుడ్డు దొరకడమే గగనమైపోయింది. చప్పుడు చెయ్యకుండా ఎగిరి అవతలి ఒడ్డుకు పోయింది.

మర్నాడు పుల్లయ్య పని హడావుడిలో ఉండగా ఫోను మోగింది.

"నమస్కారమండీ పుల్లయ్యగారూ! ఫోన్ల ఆఫీసు నుంచండీ. మీ దుకాణం నంబరు ఈ పూటతో ఆగిపోతోందండీ."

"అయ్యయ్యో! సీజన్లోనా!"

"మీలాంటి పెద్ద వ్యాపారస్తులకి ఇబ్బంది రాకూడదనే చేశానండీ. ఇప్పుడు మీకొక నంబరు వస్తుంది. అది చదివితే చాలు, అంతా నేను చూసుకుంటాను."

"ఎవరికీ చెప్పొద్దని రాసుందే దీని మీద?"

"అవునండీ, ఎవరికీ చెప్పకండి. నేను ఆఫీసువాణ్ణి కదా!"

పెద్ద వ్యాపారస్తులన్న మాట పుల్లయ్యకి ఇంకా చెవిలో తియ్యగా ఉంది. గడగడా చదివేశాడు. కాసేపటికి దుకాణం మెసేజీలు తెరవబోతే పాస్‌వర్డు తప్పంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే మాట. అప్పుడు గానీ మోసపోయానని తెలియలేదు.

"నీ పేరుతో ఎవడో కూర్చున్నాడు మావా," అంది సీతాలు. "ఇప్పుడే ఎగిరిపోయి గూటిగూటికీ చెప్పిరా. మన మెసేజి ఏదొచ్చినా నమ్మొద్దని చెప్పు."

"ఏమని చెప్పను? కాకిని రానివ్వని గూళ్ళు కడతానని ఇన్నాళ్ళూ కోతలు కోసి, ఒక్క ఫోనుకే బోల్తా పడ్డానని చెప్పనా? నలుగురూ నవ్వుతారు. ఫోను నీళ్ళలో పడిందందాం. అదే సర్దుకుంటుంది."

"నవ్వితే నవ్వనీ!"

పుల్లయ్య వినలేదు. సిగ్గు అలాంటిది, ముందు చెవులు మూసేస్తుంది.

సాయంత్రం మాణిక్యం వచ్చి పక్కన వాలింది. మాణిక్యం పిగిలిపిట్ట. సొంతంగా కట్టుకున్న గూట్లో గుడ్లు పెట్టినప్పుడల్లా కాకి పాలయ్యాయి. ఈసారి పుల్లయ్య చేత గూడు కట్టించుకుని అందులో పొదుగుతోంది.

"ఏంటన్నా, ఫోనెత్తట్లేదు?"

"నీళ్ళలో పడిందమ్మా."

"పోన్లే. ఈ ఏడే కంటినిండా నిద్రపోతున్నానన్నా. నీ చలవే."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పుల్లయ్య దాన్ని మింగి, తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. కథ చెబుతున్న నాకు కోపం వచ్చేది ఇక్కడే. మోసపోవడానికేముంది, ఎవరైనా మోసపోతారు. దాచడమే తప్పు.

పొద్దున్నే మాణిక్యం ఏడుస్తూ వచ్చింది.

"మీ పనివాడేడన్నా? ఈ ఏడు గొట్టాలకి వాడిన పీచు నాసిరకం, విప్పి పెట్టి మేతకి వెళ్ళండి, మావాడొచ్చి ఊరికే కొత్తది అల్లిపెడతాడు అని మెసేజి పెట్టావుగా. విప్పి పెట్టి వెళ్ళాను. వచ్చేసరికి గుడ్లు లేవు. గూటి నిండా కాకి ఈకలు."

"అది నేను పెట్టలేదమ్మా."

"ఫోను బాగైందా అన్నా అని కూడా అడిగాను. బాగైంది చెల్లెమ్మా అన్నావు!"

తనాడిన అబద్ధం కూడా కాకికే పనికొచ్చింది. పుల్లయ్య తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు.

"నిన్న సాయంత్రం నా పక్కన కూర్చున్నప్పుడు నీకు తెలుసా?" అని అడిగింది మాణిక్యం.

"తెలుసు."

"మిగతావాళ్ళకి చెప్పావా?"

"లేదమ్మా."

"మరి ఇంకా నా ముందు నిలబడతావేం? వెళ్ళు! వాళ్ళ గుడ్లయినా మిగలనీ."

పుల్లయ్య ఎగిరాడు. ప్రతి గూటి దగ్గరా ఆగి, "నేను మోసపోయాను, నా పేరుతో వచ్చింది నమ్మకండి," అని చెప్పాడు. పిచ్చుక విప్పుతున్న గొట్టాన్ని మళ్ళీ బిగించుకుంది. జీనువాయి పిట్ట మేతకి వెళ్ళకుండా ఆగిపోయింది. కాకి చెట్టుచెట్టుకీ తిరిగి, ఎక్కడా సందు దొరక్క అరుచుకుంటూ పోయింది.

ఎవ్వరూ నవ్వలేదు. "చెప్పి మంచిపని చేశావు పుల్లయ్యా, నీకు పుణ్యముంటుంది," అన్నారందరూ. ఆ మాట విన్న ప్రతిసారీ పుల్లయ్యకి మాణిక్యం మొహం కనబడింది.

నీతి: మోసపోయిన సిగ్గు చెప్పుకుంటే పూటలో పోతుంది, దాచుకుంటే ఎదుటివాళ్ళ కొంప ముంచుతుంది.