గోడ మీద గుడ్డు

1957 నవంబరు 21, గురువారం. ఉదయగిరి కొండ మీదికి మబ్బు దిగి, పొద్దుట్నించీ సన్నటి ముసురు.

దర్గాలో కరీముల్లా ఓర్పు గురించి గంటసేపు చెప్పాడు. వేలూరు మదరసాలో ఏడేళ్ళు చదివొచ్చినవాడు, ఒక్క మాట తప్పు పోలేదు. సగంమంది కునికారు. మిగతా సగం, బోధ ముగిసీ ముగియగానే లేచి, వసారాలో హుస్సేన్ పీరా తాత చుట్టూ చేరారు.

తాత అతని గురువు. చెక్క గరిటెలు చెక్కుకుంటూ ఊళ్ళో సంగతులు చెప్పేవాడు. ఆ పచ్చిచెక్క వాసన, తను ముసలివాడయ్యాక కూడా కరీముల్లా ముక్కుని వదల్లేదు. తన తర్వాత ప్రతి గురువారం బోధా ఇతనిదే కావాలని తాత ఆశ.

"తాతా, రేపటి బస్సుకి నేను వేలూరు పోతా" అన్నాడు కరీముల్లా. "నిజం చెబితే నిద్రపోతారు. మీరు కోళ్ళ కబుర్లు చెబితే నోళ్ళు తెరుస్తారు. వీళ్ళకి నేనెందుకు?"

"పోదువులే. ఈ కోడి సంగతి వినిపో."

కొండాయపాళెంలో మాలకొండమ్మ, పిచ్చమ్మ తోడికోడళ్ళు. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. రోలు ఎవరిదని తగువొచ్చి మధ్యన గోడ లేచింది. పదకొండేళ్ళుగా మాటల్లేవు. మాలకొండమ్మ కోడి మాత్రం గోడ దూకి పిచ్చమ్మ బుట్టలోనే గుడ్డు పెట్టేది. పదకొండేళ్ళలో కోళ్ళు మారాయి, బుట్ట మారలేదు. సాయంత్రానికి పిచ్చమ్మ ఆ గుడ్డుని గోడ మీద పెట్టేది. మాలకొండమ్మ తీసుకునేది. అంతే.

"మొన్న సోమవారం గోడ మీద గుడ్డు లేదు. మంగళవారమూ లేదు. బుధవారం పొద్దున మాలకొండమ్మ మునికాళ్ళ మీద లేచి, గోడ అవతలికి తొంగిచూసి..."

తాత గరిటె మీది పొట్టు ఊదుకుని లేచాడు. నమాజుకి వేళయింది.

ఆ రోజుల్లో ఉదయగిరికి ఒకటే బస్సు. అదీ డ్రైవరుకి ఒంట్లో బాగుంటేనే. మర్నాడు బాగానే ఉన్నట్టుంది, వేళకే వచ్చింది.

"ఏం సాయిబూ, ఎక్కుతావా, ఆలోచిస్తావా?" అన్నాడు కండక్టరు.

కరీముల్లా మూట చంకన పెట్టుకుని వెనక్కి నడిచాడు.

"తాతా, తొంగిచూస్తే ఏం కనబడింది?"

"నాకేం తెలుసు? నేనా దారిన బండిలో పోతున్నా. బండి ఆగలేదు. రెండు మైళ్ళేగా, పోయి చూసిరా."

కరీముల్లా తడుస్తూ వెళ్ళేసరికి మాలకొండమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది.

"సాయిబూ, నాలుగు దినాలుగా ఆ ఇంట్లో అలికిడి లేదయ్యా. రవ్వంత చూసిరా. నేనడిగానని చెప్పబాక."

లోపల పిచ్చమ్మ జ్వరంతో మూలుగుతోంది. ఎవరొచ్చారో కూడా చూడలేదు. "బుట్టలో ఆమె గుడ్లు నాలుగున్నాయి. కాస్త గోడ మీద పెట్టు నాయనా" అంది.

కరీముల్లా గుడ్లు చేతిలోకి తీసుకుని, మళ్ళీ బుట్టలోనే పెట్టేశాడు. తర్వాత బయటికొచ్చి, గోడ అవతలికి కేకేశాడు.

"నీ గుడ్లు ఇక్కడున్నాయమ్మా. నేను పెట్టను. నువ్వే వచ్చి తీసుకో."

మాలకొండమ్మ వీధిలోంచి చుట్టు తిరిగి వచ్చింది. వస్తూ వస్తూ గంజి చెంబు తెచ్చింది.

సాయంత్రం ఇదంతా చెబుతుంటే తాత ఉలి ఆగిపోయింది.

"అయితే, బస్సు పోయినట్టుందే?" అన్నాడు.

తాత పోయింది మూడేళ్ళకి. ఉలీ బాడిసా మేనల్లుడికి వచ్చాయి. శాలువా దర్గాకిచ్చారు. సగం చెక్కిన గరిటె మాలకొండమ్మకి. కరీముల్లాకి ఏమీ రాలేదు.

తాత పోయాక వచ్చిన మొదటి గురువారం, మాలకొండమ్మ ఆ గరిటె ఒళ్ళో పెట్టుకుని, పిచ్చమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, దర్గాలో బోధకి లేచిన కరీముల్లా ఎదురుగా కూర్చుంది.

"మా కోడి సంగతి చెప్పయ్యా" అంది.