చెమ్మ పట్టిన కొత్తిల్లు

కొండవాలులో, వేరుశనగ చేను గట్టు పక్కన ముళ్లపంది కొత్తిల్లు కట్టుకుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. దాని పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. పక్కన కూర్చోవడానికే అందరికీ భయం. అందుకని ఇల్లయినా మనసుపెట్టి కట్టింది. రెండు గదులు, ఎదురెదురుగా రెండు తలుపులు, లోపలంతా ఎర్రమట్టి పూత. రెండో గది చుట్టాల కోసం.

గృహప్రవేశానికి అడవంతా పిలిచి, పాలు పొంగించింది. వచ్చింది నక్క ఒక్కటే.

"ఎవరూ రాలేదేం అక్కా?"

"వాన కదా. వస్తార్లే" అంది ముళ్లపంది, గిన్నెడు పాయసం వైపు చూడకుండా.

నక్క గోడ నొక్కి చూసింది. పూత ఇంకా మెత్తగానే ఉంది.

"ఇల్లు ముచ్చటగా ఉందక్కా. అదే నా భయం. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందట. మూడు నెలలపాటు తలుపులు రెండూ బిగించుకో. ఎవరొచ్చినా తీయకు."

తన మంచి కోరి చెప్పేవాళ్లు ఒకరైనా ఉన్నారని ముళ్లపంది పొంగిపోయింది. ఆ రోజే గడియలు బిగించింది.

వానలు పట్టుకున్నాయి. నెల తిరిగేసరికి మూలల్లో ముందు తెల్లగా, తర్వాత నల్లగా బూజు లేచింది. దాచుకున్న వేరుశనక్కాయల మీద పచ్చటి పొడి. ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ అంతే. గోడల మీంచి నీటిబొట్లు జారేవి. మాట్లాడే దిక్కు లేక ముళ్లపంది ఒకరోజు గోడనే అడిగింది, "నీకేం కష్టమొచ్చిందే?" అని.

గోతికాడ నక్క ఎన్నాళ్లని ఊరుకుంటుంది? వచ్చింది.

"గోడలు ఏడుస్తున్నాయక్కా. ఈ ఇల్లు నీకు అచ్చిరాలేదు. పాత కలుగుకి వెళ్లిపో. దీన్ని నేను కనిపెట్టుకుని ఉంటాలే."

ముళ్లపంది మూట కట్టుకుని బయల్దేరింది. గట్టు మీద మేస్తున్న ముసలి ఎద్దు అడ్డం వచ్చి, ఎక్కడికని అడిగింది. ముళ్లపంది అంతా చెప్పింది.

"మా కొట్టానికి కొత్త గోడ పెట్టిన ఏడాదీ ఇంతే తల్లీ" అంది ఎద్దు. "మట్టి ఆరకముందే మా రైతు తడకలు కట్టేశాడు. లోపలి చెమ్మ ఎటు పోతుంది? రెండు వైపులా తడకలు విప్పి, నాలుగు రోజులు నిప్పు రాజేస్తే అప్పుడు ఆరింది."

"మరి దిష్టో?"

"దిష్టి పెట్టడానికి మీ ఇంటికి ఎవరొచ్చారమ్మా?"

ఎద్దు మామూలుగానే అడిగింది. కానీ అది నిజం కాబట్టి ముళ్లపందికి ఏడుపొచ్చింది.

ఎద్దు దగ్గరికి జరిగి, "నా మాట నమ్మక్కర్లేదు. ఇక్కడే కూర్చో. నక్క లోపలికెళ్లి ముందుగా ఏం చేస్తుందో చూద్దాం" అంది.

నక్క లోపలికెళ్లింది. వెళ్లగానే రెండు తలుపులూ బార్లా తెరిచింది. పొయ్యి రాజేసి, కాళ్లు చాపుకుని, "పది రోజుల్లో గలగలా ఆరిపోతుంది" అని పైకే అనుకుంది.

ముళ్లపంది ఆ మాట వింది. ఒళ్లంతా ముళ్లు నిక్కబొడుచుకుని, వెనక్కి తిరిగి, వెనకడుగులతోనే తన గుమ్మం దాటింది.

"తలుపులు తీశావేం చెల్లీ? దిష్టి తగలదూ?"

నక్క తను తెరిచిన పెరటి తలుపులోంచే పారిపోయింది, తోకలో రెండు ముళ్లతో.

కార్తీకానికి గోడలు ఆరాయి. రెండో గది ఇంకా ఖాళీగానే ఉంది. ఎద్దు ఆ గుమ్మంలో పట్టదు, దారిన పోతూ తల మాత్రం లోపలికి పెట్టి, "ఆరిందా తల్లీ?" అంటుంది. ఎప్పుడో ఆరిపోయినా ముళ్లపంది, "ఇంకా కాస్త ఉంది, రేపొచ్చి చూడు తాతా" అంటుంది.

తలుపులు మూసుకోమని సలహా ఇచ్చేవాళ్ల కన్ను మన ఇంటి మీదే ఉందేమో ముందు చూసుకోవాలి.