నవ్వులపాలైన రాణి బొమ్మ

"చచ్చిపోయిన కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని రాణి ఏడుస్తుంటే, నవ్వడానికి వాళ్ళకు మనసెలా వచ్చింది గురువుగారూ?" అని భానోజీ అడిగాడు.

పాత నాటకంలోని ఆఖరి ఘట్టం అది. దాన్ని భానోజీ ఏడాదిపాటు కష్టపడి బొమ్మగా గీశాడు. ప్రదర్శనకు వచ్చినవాళ్ళు బొమ్మ ముందు నిలబడి, "పాపం, పంటినొప్పి కాబోలు" అనుకున్నారు. కొందరు రాణిలాగే నోరు తెరిచి ఫొటోలు దిగారు. ఇక దాన్ని దించి ఇంటికి పట్టుకుపోతానని చెప్పడానికే అతను వచ్చాడు.

గురువు అప్పలాచారి గారికి వాదించే ఓపిక ఏనాడో పోయింది. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఒక సంగతి చెప్పారు.

వయసులో ఉండగా ఆయన ఒక నాటక సమాజానికి బొమ్మలు వేసేవారు. రాణి వేషం కట్టే సుందరమణిని చూసి ఇదే ఘట్టాన్ని గీసి, నాటకశాల వాకిట్లో తగిలించారు. జనం అప్పుడూ నవ్వారు. ఆ వానాకాలంలో సుందరమణి కొడుకు జ్వరం వచ్చి పోయాడు. కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ నాటకానికి వస్తోందని తెలిసి, ఆమె కంట పడకూడదని ఆయన బొమ్మ దించబోయారు. అప్పటికే ఆమె రిక్షా దిగింది. చాలాసేపు బొమ్మనే చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"నా ముక్కు ఇంత లావా, చారీ?" అంది.

ఆయన, బొమ్మ లోపల పెట్టేస్తానమ్మా అన్నారు.

"ఉండనీ బాబూ. ఇంట్లో నా ముందు ఎవరూ నవ్వడం లేదు. గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించుతున్నారు. నేను నవ్వితే ఏమనుకుంటారోనని నాకూ భయమే. ఇక్కడైతే నా బదులు ఈ రాణి ఏడుస్తోంది కదా."

ఆ ముక్కు చూసి మరోసారి నవ్వుకుని, వేషం కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది.

భానోజీ, "అయితే నా బొమ్మ చూసి నవ్వినవాళ్ళందరికీ అలాంటి దుఃఖం ఉందంటారా?" అన్నాడు.

"అందరికీ ఎందుకుంటుంది నాయనా? ఊరికే నవ్వేవాళ్ళే ఎక్కువ," అన్నారు గురువుగారు కళ్ళు తెరవకుండానే. "కానీ ఎవరిది ఏ నవ్వో వాకిట్లో నిలబడి పోల్చుకోవడం నావల్ల కాలేదు. అందుకని బొమ్మను అక్కడే ఉంచేశాను."