ట్యాంకు బొమ్మకి కళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో ఇంటింటా బొమ్మలు చేసేవాళ్ళే ఉండేవారు, కన్నా. మెత్తటి తెల్లచెక్కని చెక్కి, చింతగింజల జిగురుతో కాళ్ళూ చేతులూ అతికించి, రంగులు వేసేవారు. వాళ్ళకి ఒక ఆచారం ఉండేది. బొమ్మకి కళ్ళు అన్నిటికన్నా చివర పెట్టాలి. ముందే పెడితే, చెయ్యి ఇంకా అతకని బొమ్మ తనని తాను చూసుకుని బెంగ పెట్టుకుంటుందట.

ఆ ఊళ్ళో భద్రయ్య తాత కళ్ళు పెడితే బొమ్మ మనవైపు చూసేది. ఏనుగు నింపాదిగా చూసేది, పెళ్ళికూతురు సిగ్గుపడుతూ చూసేది. తాత దగ్గర ఉడత వెంట్రుకలతో కట్టిన సన్నటి కుంచె ఉండేది. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు.

అలా ఉండగా తాతకి చెయ్యి వణకడం మొదలైంది. అప్పటినుంచి చేసిన బొమ్మలు చేసినట్టే గూట్లోకి చేరాయి. ఏనుగులు, చిలకలు, పెళ్ళికొడుకులు, అందరూ ఉన్నారు. కళ్ళే లేవు.

అప్పుడు తాత మనవల్ని పిలిచాడు.

"మీరు చేసిన బొమ్మ ఏదైనా తెచ్చి చూపించండి. అది నావైపు చూస్తే కుంచె మీది. ఉగాది లోపల ఏదీ చూడకపోతే కుంచెని ఏట్లో వదిలేస్తాను" అన్నాడు.

తాతకి తాయారు అని ఒక మనవరాలు. లెక్కల్లో చురుకు, పనిలో తొందర. ఆ పిల్లకి ఇంట్లో జిగురు ఉడకబెట్టే పని తప్ప ఇంకేదీ ఇచ్చేవారు కాదు. ఆ కుంచె కోసం ఆ పిల్ల ప్రాణం పెట్టేది. గూటి ముందు నించుని, "కొంచెం ఓపిక పట్టండి, వచ్చేస్తున్నా" అని బొమ్మలకి మాటిచ్చేది.

తాయారు మేనమామ ముత్యాలు సిపాయి. ఎడారిలో యుద్ధట్యాంకు నడుపుతాడు. సెలవుకి వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో ప్లాస్టిక్ ముక్కలు, కొమ్మకి చింతకాయల్లా పుల్లలకి వేలాడుతున్నాయి. అవన్నీ తుంచి అతికిస్తే ట్యాంకు అవుతుంది.

"నాది దీనికి ముప్పై అయిదింతలు ఉంటుందే" అన్నాడు మామయ్య.

ముప్పై అయిదు. ఆ అంకె తాయారు బుర్రలో కూర్చుంది. ఇక ఏది చూసినా ముప్పై అయిదుతో హెచ్చవేయడమే. బియ్యపు గింజ జానెడవుతుంది. చీమ పిల్లి అంతవుతుంది. ఆ పిల్ల అలా లెక్క వేసుకుంటూ, నోరు తెరుచుకుని పెరట్లో నించుండిపోయేది.

ఆ తర్వాత పని మొదలుపెట్టింది. ముక్కల్ని గోళ్ళకత్తెరతో తుంచింది. అంచులు గరుకు కాగితంతో రుద్దింది. ఇంటి అలవాటు కొద్దీ చింతగింజల జిగురుతో అతికించింది. తెల్లారేసరికి ట్యాంకు మళ్ళీ ముక్కలై కూర్చుంది.

వాళ్ళ మేనత్త కొడుకు సూరి చూసి నవ్వాడు. "చెక్కబొమ్మల ఇంట్లో పుట్టి ప్లాస్టిక్ ఏంటే? దానికి మన జిగురంటే కిట్టదు."

"నీ ఏనుగు సంగతి చూసుకో బావా. తాతేమన్నాడు?"

సూరి అక్కణ్ణించి జారుకున్నాడు. 'నీ ఏనుగు గోడకేసి చూస్తోందిరా' అని తాత అంతకుముందే అనేశాడు.

అప్పుడు తాయారు పెట్టెలో ఉన్న సీసా తీసింది. ఆ మందు రాస్తే ప్లాస్టిక్ కాస్త కరిగి, రెండు ముక్కలు ఒక్కటైపోతాయి. ట్యాంకు నిలబడింది. ఇసుక రంగు వేసింది. సందుల్లోకి పల్చటి నల్లరంగు పారనిచ్చింది. ఆ తర్వాత ఏటి ఇసుక తెచ్చి చల్లింది. చల్లి, లెక్క వేసి, నాలిక కరుచుకుంది. నువ్వుగింజంత ఇసుక రేణువు ముప్పై అయిదింతలైతే బత్తాయికాయంత రాయి. అది దుమ్ము ఎలా అవుతుంది? దులిపేసి, మట్టిని మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, ఉఫ్ అని ఊదింది. ట్యాంకు అప్పుడే ఎడారిలోంచి వచ్చినట్టయింది.

ఇంక కళ్ళు. ట్యాంకుకి మొహమే లేదు, కళ్ళెక్కడ పెట్టాలి?

ముందున్న రెండు దీపాలకి తళతళలాడే రంగు వేసి తాతకి చూపించింది. తాత అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవి దీపాలు తల్లీ. దీపం చూపిస్తుంది గానీ, చూడదు" అన్నాడు.

అప్పుడు, నడిపేవాడు చూడటానికి ముందు చిన్న అద్దం ఉంటుంది కదా, దానికి నీలం చుక్క పెట్టి తీసుకెళ్ళింది. తాత ఈసారి ఇంకాసేపు చూశాడు. "దగ్గరికొచ్చావు. కానీ అద్దం కూడా తనంతట తాను చూడదే" అన్నాడు.

రేపో ఎల్లుండో ఉగాది. తాయారుకి ఏడుపొచ్చింది. మామయ్యకి ఫోను చేసింది.

"మామయ్యా, ఆ చిన్న అద్దంలోంచి లోకాన్ని ఎవరు చూస్తారు?"

"ఎవరేంటే వెర్రిదానా. నేనే."

తాయారు ఫోను పెట్టేసింది. పరుగెత్తుకెళ్ళి పెట్టె బోర్లించింది. పుల్లకి ఒక్కటంటే ఒక్క కాయ మిగిలి ఉంది. బొటనవేలంత మనిషి. లోపల కూర్చుంటే ఎవరికి కనిపిస్తాడులే అని వదిలేసిన మనిషి.

వాడి చొక్కాకి ఆకుపచ్చ వేసింది. మొహానికి మామయ్య చామనఛాయ కలిపింది. ఇక కళ్ళు. లెక్క వేస్తే కంటిపాప ఆవగింజలో నాలుగోవంతు కూడా రాలేదు. అంత చుక్క పెట్టే కుంచె ఊరంతటికీ తాత దగ్గరే ఉంది. అది ముట్టుకోకూడదు.

అప్పుడు చెంప మీద ఏదో దురద పెట్టింది. తీసి చూస్తే, రాలిన కనురెప్ప వెంట్రుక. మామూలుగా అయితే పిడికిలి మీద పెట్టుకుని, ఏదో ఒకటి కోరుకుని ఊదేసేది. ఇప్పుడు ఊదలేదు. చీపురుపుల్ల కొనకి అతికించి, రంగులో ముంచి, ఊపిరి బిగబట్టింది.

మొదటిసారి ఒక కన్ను ఆకాశాన్ని చూసింది, ఒకటి నేలని. తుడిచేసింది. రెండోసారి నిద్రపోతున్నట్టయింది. తుడిచేసింది. మూడోసారి పెట్టి, తలెత్తిందో లేదో, వాడు తాయారు వైపు చూస్తున్నాడు.

అతికించకుండా ఊరికే పెట్టి ఉంచిన ట్యాంకు పైభాగాన్ని కుండమూతలా తీసి, పట్టుకారుతో వాణ్ణి లోపల కూర్చోబెట్టింది. నడిపేవాడి నెత్తిన ఉండే చిన్న తలుపు తెరిచి ఉంచింది. మళ్ళీ మూత పెట్టేసింది.

ఉగాది పొద్దున తాత కుంచె పట్టుకుని ఏటికి బయల్దేరుతున్నాడు. తాయారు గుమ్మంలో అడ్డు నిలబడి ట్యాంకు అందించింది.

తాత దీపాలు చూశాడు, అద్దం చూశాడు. "అలాగే ఉందిగా" అన్నాడు.

"కన్ను లోపలుంది తాతా."

తాత ట్యాంకుని ఎండకేసి పట్టుకుని, ఆ చిన్న తలుపులోంచి తొంగిచూశాడు. చీకటి. ఇంకాస్త వంచాడు. అప్పుడు ఎండ ఒక్క పోగు లోపలికి దిగింది. ఆ లోతున, ఎవరో తలెత్తి తాత కళ్ళలోకి చూశారు.

తాత వణికే చెయ్యి ఆగిపోయింది. అవతలివాడు వింటాడేమో అన్నంత మెల్లిగా అన్నాడు. "ఇందులో మనిషున్నాడే."

సూరి కూడా తొంగిచూశాడు. వాడి గొంతూ తగ్గిపోయింది. "తాయారూ, వాడికి నేను ఎంత కనిపిస్తానే?"

"ముప్పై అయిదింతలు బావా. గుడి గాలిగోపురం వంగి చూస్తున్నట్టుంటావు."

సూరి గబగబా జుట్టు దువ్వుకున్నాడు.

తాత మరి ఏటికి వెళ్ళలేదు. కుంచె తాయారు చేతిలో పెట్టి, గూడు వైపు చూపించాడు. ఆ పిల్ల పీట వేసుకుని కూర్చుంది. ముందు ఏనుగుకి, ఆ తర్వాత చిలకకి, ఆ తర్వాత పెళ్ళికూతురికి. పొద్దు వాలేసరికి గూడు గూడంతా కళ్ళు తెరిచి, మొట్టమొదట తాయారునే చూసింది.

బండి చేరె గూటికి,
చుక్క పడె కంటికి,
కునుకు నీ రెప్పకి,
కథ నడిచె కంచికి.
మనం ఇంట్లోనే ఉన్నాంగా, కన్నా. ఇక కళ్ళు మూసుకో.