లాన్‌ఫా పేరు పలక

అనగనగా కలకత్తా చైనాపేటలో సూయిన్ అని ఒకావిడ ఉండేది. అరవై రెండేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. తెల్లారి లేవగానే కొట్టు ముందు మెట్టు తానే కడుక్కునేది, ఇంకొకరిని కడగనిచ్చేది కాదు.

ఆదివారం పొద్దున్నే ఊరంతా ఆ పేటలోకి దిగేది తల్లీ. కూర పెట్టి ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బన్నులు తినేవాళ్ళు. చేప ఉండల సూపు తాగేవాళ్ళు. ఆ తర్వాత సూయిన్ కొట్టుకొచ్చి సోయా సాస్ సీసాలు కొనుక్కునేవాళ్ళు. పేట చూపించే గైడు, "నూరేళ్ళ రుచి! వీళ్ళ తాతగారు కనిపెట్టారు!" అనేవాడు. ఆ తాతగారు చెప్పులు కుట్టి బతికాడు. సాస్ చేసింది సూయిన్ అక్క లాన్‌ఫా.

అమ్మానాన్నలు పోయేనాటికి లాన్‌ఫాకి పంతొమ్మిదేళ్ళు. చెల్లెల్నీ, పాలు తాగే తమ్ముణ్ణీ పెంచాలని మూడు సంబంధాలొస్తే మూడూ వద్దంది. తమ్ముణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది, ఇల్లు కట్టించి ఇచ్చింది. ఆ తర్వాత ఒక చలికాలం దగ్గి దగ్గి పోయింది.

వాళ్ళ ఆచారంలో పోయినవాళ్ళని మట్టిచేశాక వాళ్ళ పేరు ఎర్ర చెక్క పలక మీద రాసి మగపిల్లాడి ఇంట్లో పీఠం మీద పెడతారు. పండక్కి దాని ముందు అన్నం పెడతారు. నలభై తొమ్మిది రోజుల్లోగా పలక పీఠం ఎక్కనివాళ్ళు ఎప్పటికీ ఆకలితో తిరుగుతారట.

అప్పుడు సూయిన్ పలక చేయించి తమ్ముడు చుంగ్ ఇంటికి వెళ్ళింది.

"ఇక్కడెలా పెడతానక్కా? ఈ పీఠం మగపిల్లలదీ, వాళ్ళ పెళ్ళాలదీ. ఆడపిల్ల పలక అత్తారింట్లో ఉండాలి," అన్నాడు.

"నిన్ను వీపుకి కట్టుకుని సోయా గింజలు ఉడకబెట్టిందిరా! పెళ్ళే చేసుకోనిదానికి అత్తారిల్లెక్కడిది?"

చుంగ్ పలక అందుకోలేదు.

ఆ తర్వాత సూయిన్ వాళ్ళ వంశం గుడికి వెళ్ళింది. గుడిపెద్ద గడ్డం సవరించుకుని, "ఒక దారుంది. పెళ్ళి చేసెయ్యి," అన్నాడు.

"ఎవరికండీ?"

"మీ అక్కకి."

"ఆవిడ పోయింది కదా!"

"పెళ్ళికొడుకూ పోయినవాడే. వాంగ్ వారబ్బాయి. దెబ్బలాడుకోరులే."

నవ్వొస్తోందా తల్లీ? సూయిన్‌కి రాలేదు. బతికుండగా ముగ్గుర్ని కాదన్న అక్క! కానీ అప్పటికే నలభై ఏడు రోజులైపోయాయి. అక్క ఆకలితో తిరుగుతుందే అనుకుంది. సరేనంది.

అప్పుడు వాంగ్ వారింట్లో ఇరవై మూడేళ్ళ కుర్రాడి ఫోటో పక్కన డెబ్భై మూడేళ్ళ లాన్‌ఫా ఫోటో పెట్టారు. కాగితంతో చేసిన పెళ్ళిబట్టలు కాల్చారు. పలక తీసుకున్నారు. సూయిన్ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత పెద్దల పండగ వచ్చింది. ఉడికించిన కోడి, జిగురన్నం, కమలాపళ్ళు, అన్నీ అక్కకిష్టమైనవే పట్టుకుని సూయిన్ వెళ్ళింది. పీఠం మీద కొత్త పలక ఉంది. దాని మీద 'వాంగ్ వారి భార్య' అని ఉంది. అంతే.

"మా అక్క పేరేదండీ?"

"కోడలికి వేరే పేరెందుకమ్మా? మా ఇంటిపేరుంది, చాలదూ?" అంది ఆ ఇంటి పెద్దావిడ.

"నేను తెచ్చిన పలక?"

"పొయ్యిలో పెట్టేశాం."

"అయితే మా అక్కని నాకిచ్చెయ్యండి."

"బాగుంది! ఇచ్చిన పిల్లని వెనక్కి అడుగుతారా ఎక్కడైనా?"

సూయిన్ గిన్నెలు పీఠం ముందు దింపింది. "అక్కా, తినవే," అంది. పీఠం మీద వాంగ్ వారి భార్య, వాంగ్ వారి భార్య అంటూ పదిహేను పలకలున్నాయి. అందరూ ఎవరో ఒకరికి అక్కలే. ఎవరొచ్చి తింటారో తెలీక అలాగే నిలబడిపోయింది.

మర్నాడు సూయిన్ మెడికల్ కాలేజీకి వెళ్ళి, తాను పోయాక తన ఒంటిని వాళ్ళకే ఇచ్చేస్తానని సంతకం పెట్టింది. పన్నెండేళ్ళకి వాళ్ళ బండి వచ్చి తీసుకెళ్ళింది. మట్టిచెయ్యడానికి ఒళ్ళు లేనివాళ్ళకి ఆ ఆచారంలో పలకా లేదు, పెళ్ళీ లేదు. ఆమెకి ఎవరూ పెళ్ళి చెయ్యలేకపోయారు.

కథ కంచికి,
పిల్ల మంచానికి,
నిద్ర నీ కంటికి.